చేతికి తెలుసు, నోటికి రావడం లేదు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. నర్సుగా 18 ఏళ్ల సర్వీసు, అందులో చివరి 11 ఏళ్లు ఐసీయూలోనే. మొన్న మా దగ్గర 80 ఏళ్ల పెద్దావిడ ఒకరు ఉన్నారు. గుండె బలహీనం. గుండెకి డిజాక్సిన్, ఎనలాప్రిల్, ఒంట్లో నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్ వాడుతున్నారు. రెండు రోజులుగా అన్నం సహించడం లేదు, వికారం అంటున్నారు, నాడి 48కి దిగింది. "సర్, డిజాక్సిన్ ఎక్కువైందేమో" అన్నాను కొత్తగా వచ్చిన డాక్టరుతో. "క్రియాటినిన్ 1.0 ఉంది కదా సిస్టర్, నార్మలే. ఎందుకలా అనుకుంటున్నారు?" అని అడిగారాయన. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే. నా దగ్గర జవాబు లేదు. "చూస్తే అలా అనిపించింది సర్" అన్నాను. రక్తంలో డిజాక్సిన్ లెవెల్ పరీక్షకి పంపితే ఎక్కువే వచ్చింది. మోకాళ్ల నొప్పులకి పది రోజులుగా డైక్లోఫెనాక్ వేసుకుంటున్నారని వాళ్లమ్మాయి తర్వాత చెప్పింది. అందరూ మెచ్చుకున్నారు గానీ నాకు ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. అనుభవం ఉన్న వైద్య సిబ్బంది కోసం పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీల్లో పీజీ కోర్సు ఒకటి ఉందని తెలిసింది. చేరాలని ఉంది, భయంగానూ ఉంది. పుస్తకం ముట్టుకుని 18 ఏళ్లయింది. లెక్కలంటే మొదటినుంచీ టెన్షనే. పక్కన పాతికేళ్ల పిల్లలు కూర్చుంటారు. డ్యూటీలు చేసుకుంటూ చదవగలనా? నా అనుభవం అక్కడ పనికొస్తుందా? కోర్సు అయ్యాక మందులు రాయొచ్చా? ఇంకోటి, నవ్వకండి. అప్పటి కాలేజీ నోట్సు అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి. వాటితోనే మొదలుపెట్టనా?

జవాబు: ముందు ఆ పెద్దావిడ దగ్గరికే వెళ్దాం. మీరు అడిగిన వాటిలో సగానికి జవాబు ఆవిడ మంచం పక్కనే ఉంది.

క్రియాటినిన్ 1.0 చూసి డాక్టరు నార్మల్ అన్నారు. ల్యాబ్ కాగితం కూడా ఆ మాటే అంటుంది. కానీ క్రియాటినిన్ అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, అది వచ్చేది కండరాల నుంచి. కండ తరిగిపోయిన ముసలి ఒంట్లో అది తయారయ్యేదే తక్కువ. అందుకని కిడ్నీ సగం పనే చేస్తున్నా రక్తంలో అంకె పెద్దగా కనపడదు. ఆవిడ బరువు మీరు రాయలేదు, 45 కిలోలు అనుకుందాం. కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతోందో అంచనా వేయడానికి 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ఇచ్చిన సూత్రం ఒకటుంది. 140లోంచి వయసు తీసేసి బరువుతో గుణించాలి. దాన్ని, క్రియాటినిన్‌ని 72తో గుణిస్తే వచ్చేదాంతో భాగించాలి. ఆడవాళ్లయితే చివర్లో 0.85తో గుణించాలి. 60 ఇంటూ 45, అంటే 2700. 72తో భాగిస్తే 37.5. 0.85తో గుణిస్తే 32. నిమిషానికి 32 మిల్లీలీటర్లు! నార్మల్ అన్న మాట వెనక ఉన్న కిడ్నీ ఇది. ఆవిడకి మామూలుగా 0.7 ఉండేదనుకుంటే ఇదే లెక్క 45 దాకా చూపిస్తుంది. అంటే పది రోజుల్లో బాగానే దిగింది. పైగా క్రియాటినిన్ ఇంకా ఎక్కుతున్న దశలో ఈ సూత్రం కిడ్నీని ఉన్నదానికన్నా మెరుగ్గా చూపిస్తుంది. అసలు అంకె 32 కన్నా తక్కువే అయి ఉంటుంది.

ఎందుకు దిగింది? కిడ్నీలో రక్తాన్ని వడకట్టే ఒక్కో గుత్తికీ రక్తం వచ్చే తూము ఒకటి, పోయే తూము ఒకటి ఉంటాయి. గుండె బలహీనపడి రక్తం తక్కువగా వస్తున్నప్పుడు శరీరం రెండు పనులు చేస్తుంది. వచ్చే తూముని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలతో తెరిచి ఉంచుతుంది, పోయే తూముని యాంజియోటెన్సిన్ అనే హార్మోన్‌తో కాస్త బిగిస్తుంది. లోపల ఒత్తిడి నిలిచి వడపోత సాగుతుంది. ఇప్పుడు ఆవిడ మాత్రలు చూడండి. ఎనలాప్రిల్ పోయే తూముని వదులు చేసింది. ఫ్యూరోసెమైడ్ కాలువలో నీళ్లే తగ్గించింది. ఆ రెండిటితో కిడ్నీ ఎలాగో నెట్టుకొస్తోంది. అప్పుడొచ్చింది డైక్లోఫెనాక్. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి వచ్చే తూముని కూడా మూసింది. విడివిడిగా మూడూ మంచి మందులే. ముగ్గురూ ఒకే ఇంట్లో చేరేసరికి ఇల్లు గుల్లయింది.

ఇక డిజాక్సిన్. ఒంట్లోంచి అది ఎక్కువ భాగం కిడ్నీ దారినే పోతుంది. కిడ్నీలు బాగున్నవాళ్లలో సగం పోవడానికి 36 నుంచి 48 గంటలు పడుతుంది. కిడ్నీలు దాదాపు ఆగిపోయినవాళ్లలో అదే మూడున్నర నుంచి ఐదు రోజులు. ఆవిడ ఈ రెండిటికీ మధ్యలో ఎక్కడో ఉన్నారు. రోజూ అదే మాత్ర, అదే డోసు. కానీ వెళ్లే దారి ఇరుకైంది కాబట్టి లోపల పోగుపడుతూ వచ్చింది. ఏ మందైనా కొత్త మట్టానికి చేరాలంటే నాలుగైదు హాఫ్ లైఫ్‌లు, అంటే ఆ సగం పోయే కాలాలు, కావాలి. అందుకే నొప్పి మాత్ర మొదలుపెట్టిన మూడో రోజున కాకుండా పది రోజుల దరిదాపుల్లో వికారం మొదలైంది. ఇంకో మెలిక ఉంది. గుండె కణం మీద సోడియం, పొటాషియంలని అటూ ఇటూ తోడే పంపు దగ్గర డిజాక్సిన్‌కీ పొటాషియంకీ పోటీ. ఫ్యూరోసెమైడ్ వల్ల పొటాషియం పడిపోతే డిజాక్సిన్‌కి ఎదురుండదు, లెవెల్ మరీ ఎక్కువ కాకపోయినా విషం లక్షణాలు వచ్చేస్తాయి. మరోపక్క ఎనలాప్రిల్, దెబ్బతిన్న కిడ్నీ పొటాషియంని పైకి నెడతాయి. ఎటు మొగ్గిందో రిపోర్టు చూడకుండా చెప్పడానికి లేదు.

"ఎందుకలా అనుకుంటున్నారు సిస్టర్?" అన్నదానికి జవాబు ఇది. పేషెంటు ఒక్కరే. కానీ ఒళ్లు ఎలా అదుపు తప్పిందో చెప్పే పాథోఫిజియాలజీ, మందు ఒంటిని ఏం చేసింది, ఒళ్లు మందుని ఏం చేసింది అని చెప్పే ఫార్మకాలజీ, రెండూ ఆ ఒక్క కేస్ షీట్‌లోనే ఉన్నాయి. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ చదువుల్లో ఈ రెండిటికీ ఫిజికల్ అసెస్‌మెంట్‌ని, అంటే పేషెంటుని స్వయంగా పరీక్షించడాన్ని, కలిపి "త్రీ పీస్", మూడు 'పి'లు, అంటారు. ఆ మూడోది మీకు ఎవరూ నేర్పక్కర్లేదనుకుంటాను. నాడి పట్టుకుని, అన్నం పళ్లెం వంక చూసి అనుమానపడిన మనిషి మీరు.

చేరండి. ఇప్పుడు భయాల సంగతి.

నేను ఇలాంటి క్లాసులకి ఫార్మకాలజీ చెబుతుంటాను. అనుభవం ఉన్నవాళ్లు ఎక్కడ తడబడతారో చాలాసార్లు చూశాను. గుండె వైఫల్యంలో కాళ్లు ఎందుకు వాస్తాయి అని ప్రశ్న ఇస్తాం. పదిహేనేళ్ల సర్వీసున్న ఆవిడ రెండు పేజీలు రాస్తుంది. కాళ్లు ఎత్తి పెట్టాలి, ఉప్పు తగ్గించాలి, రోజూ పొద్దున్నే బరువు చూడాలి, యూరిన్ అవుట్‌పుట్ రాయాలి. ప్రతి మాటా నిజమే. మార్కులు మాత్రం రావు. మేం అడిగింది "ఎందుకు", ఆవిడ రాసింది "ఏం చేయాలి". వార్డులో ఎవరైనా కాళ్లు వాచాయంటే చెయ్యి పనికే వెళ్తుంది, వెళ్లాలి కూడా. ఆ అలవాటు పరీక్ష హాల్లో ఒక్క మూడు గంటలు పక్కన పెట్టడం ఎంత కష్టమో వయసులో ఉన్న పిల్లలకి తెలీదు, వాళ్లకా అలవాటే లేదు కాబట్టి. మొదటి అసైన్‌మెంటులో మార్కులు తక్కువొస్తే బెంబేలెత్తకండి. దాదాపు అందరికీ ఇదే జరుగుతుంది. గుండె సరిగ్గా కొట్టక కిడ్నీకి రక్తం తగ్గింది, కిడ్నీ రెనిన్ అనే ఎంజైము వదిలింది, యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్లు వరసగా లేచి ఉప్పునీ నీటినీ పట్టి ఉంచాయి, సిరల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరింది. వాళ్లకి కావాల్సింది ఇలాంటి గొలుసు. ప్రతి కొక్కెం ముందుదానికి తగిలి ఉండాలి.

అనుభవం వల్ల ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మనం చేస్తున్న పని సరైనదే అయినా, దానికి మనం నేర్చుకున్న కారణం తప్పయి ఉండొచ్చు. సీఓపీడీ, అంటే గాలి సరిగ్గా ఆడని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పేషెంటుకి ఆక్సిజన్ ఎక్కువ పెట్టకూడదని మీకు తెలుసు. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 88, 92 శాతం మధ్య ఉంచుతారు. ఎందుకని అడిగితే, వాళ్లు ఆక్సిజన్ తగ్గడం వల్లే ఊపిరి తీస్తుంటారు, ఎక్కువిస్తే ఊపిరి తీయడం మానేస్తారు అంటారు. నాకూ మొదట అలాగే నేర్పారు. నిజానికి అది చిన్న వాటా. గాలి సరిగ్గా ఆడని ఊపిరితిత్తి భాగాల్లో రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి, రక్తం అక్కడికి దండగకి పోకుండా. ఆక్సిజన్ ఎక్కువైతే ఆ నాళాలు తెరుచుకుని, గాలి లేని చోటికే రక్తం మళ్లుతుంది. దానికి తోడు, ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ తను మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌ని వదిలేస్తుంది. ఎక్కువగా ఈ రెండిటి వల్లే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. 88, 92 అన్న అంకెలు మారవు, కారణం మారుతుంది. పాత కారణం నమ్మితే ప్రమాదం ఎక్కడంటే, ఆయాసంతో రొప్పుతున్న మనిషిని చూసి "ఊపిరి బాగానే తీస్తున్నాడుగా, పర్లేదు" అనుకుంటాం. నిమిషానికి 30సార్లు ఊపిరి తీస్తూనే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతలోకి జారిపోవచ్చు.

కిడ్నీని కాపాడుతుందని చిన్న డోసులో డోపమిన్ అనే మందు పెట్టడం మీరు సర్వీసులోకొచ్చిన కొత్తల్లో చూసే ఉంటారు. 2000లో వచ్చిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల ట్రయల్‌లో, అంటే పేషెంట్లకే ఇచ్చి చూసిన పరీక్షలో, దానివల్ల కిడ్నీకి రక్షణేమీ లేదని తేలింది. అలవాటు మాత్రం అంత త్వరగా పోలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. మెకానిజం నేర్చుకున్న కొత్తలో మనిషికి మత్తెక్కుతుంది. అంతా అర్థమైపోయినట్టు ఉంటుంది. గుండెపోటు తర్వాత వచ్చే అడ్డదిడ్డపు బీట్లు ప్రాణం తీస్తాయి, కాబట్టి ఆ బీట్లని అణిచే మందిస్తే ప్రాణాలు నిలుస్తాయి. వినడానికి ఎంత సబబుగా ఉంది! ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అలాగే ఇచ్చారు. ఈసీజీ శుభ్రపడింది. కాస్ట్ అనే ట్రయల్ తొలి ఫలితాలు 1989లో వచ్చాయి. ఆ మందులు వేసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారు. దీనికి సరిగ్గా తిరగేసిన కథ బీటా బ్లాకర్లది. బలహీనపడిన గుండెని ఇంకా నెమ్మదింపజేసే మందా అని ఒకప్పుడు గుండె వైఫల్యంలో వాటిని ముట్టుకోనిచ్చేవారు కాదు. 1999లో రెండు పెద్ద ట్రయల్స్ అవి ఆయుష్షు పెంచుతాయని చూపించాయి. కాబట్టి కోర్సు ఎంచుకునేటప్పుడు మెకానిజంతోపాటు ట్రయల్ పేపర్ చదవడం కూడా నేర్పుతారా అని అడగండి. అది లేని కోర్సు నాకు సగం కోర్సే.

అడగాల్సినవి ఇంకొన్ని. పాఠం పేషెంటు కేసుతో మొదలవుతుందా, స్లయిడ్లతోనా? పరీక్ష ఎలా, రాతతోనా, వైవాతోనా, కేసుల మీదా? క్లాసుకి రాలేని రోజు ఏం చేయాలి? బోధించేవాళ్లలో ఇప్పటికీ పేషెంట్లని చూసేవాళ్లు ఉన్నారా? ఈ చివరిదాని మీద నాకు పట్టింపు ఎక్కువ, మీకు లేకపోయినా ఫర్వాలేదు.

టైము గురించి మాత్రం కాగితం, పెన్ను తీసుకుని లెక్కేసుకోండి. బ్రిటన్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 10 గంటల చదువు, క్లాసులతో కలిపి. 20 క్రెడిట్ల మాడ్యూలు అంటే 200 గంటలు. 14 వారాల సెమిస్టరు అనుకుంటే వారానికి 14 గంటల పైమాటే. మీరు చేరబోయే చోట లెక్క వేరే ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన పొద్దున ఆ గంటల్లో వేయకండి. చదివినట్టే ఉంటుంది, ఏమీ మిగలదు. వీలైతే రెండు మాడ్యూళ్లనీ ఒకే సెమిస్టరులో తీసుకోవద్దు. పాథోఫిజియాలజీ ముందు, ఫార్మకాలజీ తర్వాత. జబ్బులో ఏ మెట్టు విరిగిందో తెలిశాక మందు ఏ మెట్టు మీద పనిచేస్తుందో దానంతటదే కూర్చుంటుంది.

చదివే తీరు గురించి ఒక్క మాట. మళ్లీ మళ్లీ చదివి హైలైటర్‌తో పసుపు పూయడం అందరికీ ఇష్టం. 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో, తిరిగి చదివినవాళ్లకి ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. పుస్తకం మూసి తమని తామే పరీక్షించుకున్నవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. మీకు కావాల్సింది ఆ వారం తర్వాతి జ్ఞాపకం. డ్యూటీ అయ్యాక ఆ రోజు చూసిన ఒక్క పేషెంటుని తీసుకుని, పేర్లూ వివరాలూ లేకుండా, ఖాళీ కాగితం మీద బాణాలతో గొలుసు గీయండి. ఎక్కడ బాణం ఆగిపోతుందో అక్కడ పుస్తకం తెరవండి. మందుల విషయంలో వందల పేర్లు బట్టీ పట్టకండి. కుటుంబానికి ఒకటి చొప్పున క్షుణ్ణంగా తెలుసుకుంటే చాలు. మిగతావి పేరు చివరి తోకని బట్టి గుర్తుపట్టొచ్చు. ప్రిల్, సార్టాన్, ఓలాల్, స్టాటిన్ అలాంటివే. తోకలు కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి లెండి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కడుపులో యాసిడ్ తగ్గించేవి కదా అని అరిపిప్రజోల్‌ని కూడా ఆ గాటనే కట్టేస్తే, మానసిక జబ్బు మందుని గ్యాస్ మాత్ర చేసినట్టవుతుంది.

లెక్కలంటే టెన్షన్ అన్నారు. పైన ఒకటి చేశాం, గమనించారా? మీరు రోజూ కిలోకి నిమిషానికి ఇన్ని మైక్రోగ్రాములని పంపు సెట్ చేస్తున్నారు, అది ఇంతకన్నా కష్టమైన లెక్క. హాఫ్ లైఫ్ కూడా మీకు తెలుసు. బీపీ నిలబెట్టే నోరాడ్రినలిన్ సిరంజి అయిపోవస్తుంటే మీరేం చేస్తారు? రెండో సిరంజి ముందే నింపి, రెండో పంపులో ఎక్కించి, అది నడుస్తోందని చూసుకున్నాక గానీ మొదటిది ఆపరు. కళ్లు మానిటర్ మీదే ఉంటాయి. దాని హాఫ్ లైఫ్ సుమారు రెండు నిమిషాలు. రెండు నిమిషాలు ఆగితే సగం, నాలుగు నిమిషాలకి పావు వంతు, పది నిమిషాలకి దాదాపు ఏమీ ఉండదు. అదే గుండె లయని సరిచేసే అమియోడరోన్ సిరంజి మార్చేటప్పుడు మీకు ఆ హడావుడి ఉండదు. కొన్ని వారాలు వాడిన మనిషి ఒంట్లో అది ఆపేశాక కూడా వారాల తరబడి ఉంటుంది. ఈ తేడా మీ చేతులకి 11 ఏళ్లుగా తెలుసు. క్లాసులో దానికి గ్రాఫు గీసి చూపిస్తారు, అంతే. పాతికేళ్ల పిల్లలు ఆ గ్రాఫుని మీకన్నా ముందు గీస్తారు. బీపీ 50కి పడిపోతుంటే పక్కన నిలబడటం ఎలా ఉంటుందో మాత్రం మిమ్మల్నే అడుగుతారు. వాళ్లలో ఒకరిద్దరితో కలిసి చదవండి. వాళ్లకి బయోకెమిస్ట్రీ ఇంకా తడిగా ఉంది, మీకు పేషెంట్లు ఉన్నారు, బేరం ఇద్దరికీ గిట్టుబాటే.

మందులు రాయడం గురించి: కోర్సు పాసైనంత మాత్రాన ఆ హక్కు రాదు. అది మీరు పనిచేసే దేశపు చట్టం, మీ నర్సింగ్ కౌన్సిల్, మీ హోదా కలిసి ఇవ్వాల్సింది. ఇంగ్లండులో తగిన శిక్షణ పొందిన నర్సులకి 2006 నుంచి దాదాపు అన్ని మందులూ రాసే వీలుంది. కానీ దానికి విడిగా ప్రిస్క్రైబింగ్ కోర్సు చేయాలి, రిజిస్టరులో నమోదు కావాలి. కాబట్టి ఫీజు కట్టకముందే మీ కౌన్సిల్‌ని రాతపూర్వకంగా అడగండి. కోర్సు అమ్మేవాళ్ల మాట మీద ఆధారపడొద్దు. హక్కు రాకపోయినా చదువు వృథా అని నేననుకోను. ఆ రాత్రి మీ చేతిలో పెన్ను ఉండుంటే బాగుండేదని మీరు రాయలేదు, జవాబు ఉండుంటే బాగుండేదని రాశారు.

అట్టపెట్టె సంగతి. నవ్వలేదు, నా పెట్టె కూడా అటక మీదే ఉంది. అనాటమీ, ఫిజియాలజీ నోట్సు దించండి. ముఖ్యంగా కిడ్నీ, యాసిడ్ బేస్, గుండె పంపు చేసే తీరు. కోర్సు మొదలయ్యేలోపు అవి ఒకసారి తిరగేస్తే మొదటి నెల తేలిగ్గా గడుస్తుంది. మందుల నోట్సు మాత్రం పెట్టెలోనే ఉండనివ్వండి. గుండె వైఫల్యం పేజీ ఒక్కటి సరదాకి తీసి చూడండి. షుగరు మందుగా మొదలై, షుగరు లేనివాళ్లకి కూడా గుండె కోసం ఇస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ కుటుంబం అందులో ఎక్కడా కనపడదు. షుగరు లేనివాళ్లకి కూడా అది గుండె వైఫల్యంలో పనిచేస్తుందని చూపిన ట్రయల్ 2019లో వచ్చింది.